అమ్మ మైకులో చెప్పే చివరి వాక్యం

కళ్లద్దాల షాపు నుంచి, మధ్యాహ్నం

అక్కా,

ఫోను చేస్తే ఎత్తవు. ఆ రోజు ఆసుపత్రి కబురు ఫోనులోనే వచ్చింది కాబట్టి అది మోగితే నీకు కాళ్లూ చేతులూ ఆడవని బావ చెప్పాడు. సరే, ఉత్తరమే రాస్తున్నాను. స్కూలు వదిలాక ఇంత రాయడం ఇదే మొదలు. నా కోడిగీతలు చూసి నవ్వకు. ఊరందరి చూపూ సరిచేసేవాడి రాత ఇలాగే ఏడుస్తుంది.

నీ కూతురు బాగానే ఉంది. బాగానే అంటే తింటోంది, పడుకుంటోంది, స్కూలుకి వెళ్తోంది. సాయంత్రం షాపుకొచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుని ఫ్రేములు తుడుస్తుంది. కానీ ఇది మన వసపిట్టేనా అనిపిస్తోందక్కా. నోట్లో నువ్వుగింజ నానదని, నిద్రలో కూడా వాగుతుందని వాళ్లన్నయ్య పెట్టిన పేరు కదా అది. ఇప్పుడు నీ మరదలు నాలుగు ప్రశ్నలు వేస్తే ఒకదానికి తలూపుతుంది. అన్నయ్య లేని ఇంట్లో ఉండలేనని, ఆ స్కూల్లో గుసగుసలు వినలేనని ఇక్కడికొచ్చింది. ఇక్కడ గుసగుసలు లేవు, అయినా దాని నోట మాట లేదు.

స్కూలు మాత్రం మంచిది. ఒక కౌన్సెలర్ మేడం ఉంది. పిల్లలు మత్తు జోలికి పోకుండా ఉండాలంటే పిల్లలొక్కళ్లకే చెప్తే చాలదు, ఇంట్లోవాళ్లు కూడా వచ్చి బెంచీల మీద కూర్చోవాలంటుంది. వారానికో సాయంత్రం మేమిద్దరం వసపిట్టతో కలిసి వెళ్తున్నాం. మొదటి వారం, మీ పిల్లల్ని రోజూ ఏమడుగుతారో రాయండి అంది. హాలంతా కూడబలుక్కున్నట్టు ఒకటే రాశాం: తిన్నావా, చదివావా. ఈ రెండూ కాకుండా ఇంకేదైనా ఇంటికెళ్లి అడగండి, అడిగి జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకోండి అంది. ఇంటికొచ్చి గొంతు సవరించుకుని, నీకు ఏ రంగంటే ఇష్టమే అని అడిగాను. నీ మరదలు పడీ పడీ నవ్వింది. వసపిట్ట పెదవి కూడా కొంచెం కదిలింది.

తర్వాతి వారం నాటకం. నేను పదహారేళ్ల కుర్రాణ్ణట. మాలాగే అక్కడికొచ్చే ఒక తండ్రి, లారీ డ్రైవరు, నా జిగిరీ దోస్తట. ఆయన మాత్ర చేతిలో పెట్టబోతే నేను వద్దనాలి. ఉపన్యాసం ఇవ్వకూడదు, పారిపోకూడదు, స్నేహం తెగకూడదు. ఆయన మీసాలు చూస్తే నాకు నవ్వాగలేదు. తీరా నోరు తెరిస్తే మాట రాలేదక్కా. వద్దు అనే చిన్న మాట గొంతులో అడ్డం పడింది. పరీక్షలకి నిద్ర రాకుండా ఉంటుందని మొదటిసారి ఎవడో మన పెద్దోడి చేతిలో మాత్ర పెట్టినప్పుడు వాడికీ ఇలాగే అయిందేమో. బయటికెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

ఇక అసలు సంగతి. కొడుకుని పోగొట్టుకుని స్కూళ్లు తిరిగి పిల్లలకి చెప్తున్న రైల్వే అనౌన్సర్ నువ్వేనని, నేను నీ తమ్ముణ్ణని తెలిసి మేడం ఎగిరి గంతేసింది. ఆఖరి వారం నిన్ను రమ్మంటోంది. కూతుర్ని చూసినట్టూ ఉంటుంది. ఏమంటావు?

నీ తమ్ముడు


స్టేషన్ మైకు గది నుంచి, రెండు రైళ్ల మధ్య

ఒరే తమ్ముడూ,

ఏమంటాను? పరిగెత్తుకుంటూ వస్తానంటాను.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. లారీ డ్రైవరు దగ్గర నవ్వారు. ఆయన నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో. తర్వాత లేచి పెద్దోడి గదిలోకి వెళ్లి, మూసి ఉన్న కిటికీనే మళ్లీ మూసి వచ్చారు.

వసపిట్ట తలూపుతోందంటే అదే పదివేలు. ఇక్కడుండగా అదీ లేదు. దాని స్కూల్లో నేను మాట్లాడిన రోజు ముందు వరసలోనే కూర్చుంది. నేను మాట ముగించానో లేదో లేచి బయటికి వెళ్లిపోయింది. అన్నయ్య మీద బెంగ అనుకున్నాను. ఆ వారమే మామయ్య దగ్గర చదువుకుంటానంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

మీ మేడంకి నా పద్ధతి ముందే చెప్పు. పిల్లలు ముందు, పెద్దవాళ్లు వెనక. మైకు కావాలి, పూలగుత్తులు వద్దు. వాడి కళ్లజోడు పెట్టె బల్ల మీద పెడతాను, నువ్విచ్చిన ఆ గోధుమరంగు పెట్టే. మాత్రలు ఇందులో ఉండేవి, ఇది మా అందరి కళ్లెదుట బల్ల మీద ఉండేది అని చెప్తాను. భయం పుట్టించే బొమ్మలు చూపించను. భయపెడితే ఆ పూటకి భయపడతారు, మర్నాడు మామూలే. ఏడవను కూడా. వాడు ఎలా నవ్వేవాడో, లెక్కల్లో ఎంత మొద్దో, చివరి నెలల్లో మాతో కూర్చుని తినడం ఎలా మానేశాడో చెప్తాను. అన్నీ అయ్యాక ఒక్క వాక్యం చెప్తాను. "మా ఇంట్లో ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, నాకు ఒక్క మాట చెప్పి ఉంటే నా కొడుకు ఇవాళ బతికి ఉండేవాడు." అది చెప్పి దిగిపోతాను.

తర్వాత నాకొక ఖాళీ క్లాసు గది కావాలి. ఎదురెదురుగా రెండు కుర్చీలు, తలుపు బార్లా తీసి ఉండాలి. స్కూలు బస్సులు కదిలేదాకా అక్కడ కూర్చుంటాను. ఎవరొచ్చి కూర్చున్నా ముందు నేను మాట్లాడను. కొన్ని చోట్ల ఎవరూ రారు. ఈ మధ్య ఒకచోట ఒక అమ్మాయి వచ్చింది. తమ్ముడి సంగతి చెప్పింది. స్కూలు, తల్లిదండ్రులు, డాక్టరు కలిసి ఆ అబ్బాయిని పట్టుకున్నారు. ఇప్పుడు కోలుకుంటున్నాడట, మళ్లీ ఫుట్‌బాల్ ఆడుతున్నాడట. నీకెలా ధైర్యం వచ్చిందని అడిగితే, మీ చివరి మాట విన్నాక కాళ్లు వాటంతటవే ఇటొచ్చాయంది.

ఆ వాక్యం కోసమే పొద్దున్న లేస్తున్నాను రా. మిగతావన్నీ రైళ్ల వేళలు.

బండి వస్తోంది. ఉంటాను.

అక్క


షాపు నుంచే, బేరాలు లేని పూట

అక్కా,

నువ్వొస్తున్నావని వసపిట్టకి చెప్పాను. గంతులేస్తుందనుకున్నాను. మాట్లాడ్డానికా, నన్ను చూడ్డానికా అని అడిగింది. రెండూనూ అన్నాను. ఆ పూట నుంచి దానికి ముద్ద దిగడం లేదు. ఒకరోజు తలనొప్పంటుంది, ఇంకోరోజు కడుపునొప్పంటుంది, స్కూలు ఎగ్గొడుతోంది.

ఇది ఎలా రాయాలో తెలియక పెన్ను మూత నమిలేశాను. అక్కా, నువ్వు రా. పెట్టె చూపించు, కుర్చీలు వేసుకో, అన్నీ నీ పద్ధతిలోనే చెయ్యి. ఆ చివరి వాక్యం ఒక్కటి ఇక్కడ వదిలెయ్. ఎందుకని అడక్కు. కుదరదంటే ఈసారికి రావద్దు, వచ్చే ఏడు చూద్దాం. మేడంతో మాట్లాడాను, ఆవిడ ఏమీ అనుకోదు.

చిన్నప్పటి నుంచి నీ దగ్గర లాక్కోవడమే తప్ప అడగడం తెలియదు నాకు. ఇది అడుగుతున్నాను. నీ మరదలు నీ కోసం మంచం సిద్ధం చేసి, నా మొహం చూసి, దుప్పటి పరచకుండా మడిచి ఉంచింది.

నీ తమ్ముడు


మైకు గది నుంచి

తమ్ముడూ,

"ఎందుకని అడక్కు" అని నాకు రాసేంత పెద్దవాడివయ్యావన్నమాట.

నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాయన ఒకటే నేర్పాడు. వాక్యం మార్చకు. ఇవాళ ఒకలా రేపు ఒకలా చెప్తే జనం వేరే ప్లాట్‌ఫాం మీదికి పరిగెడతారు, బండి తప్పిపోతుంది. ఒంట్లో బాగున్నా లేకపోయినా అదే వాక్యం, అదే గొంతు. వాడు పోయాక మళ్లీ డ్యూటీలో చేరిన రోజు కూడా నా గొంతు వణకలేదు. ఇదేం రాయిరా అని చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ. ఆ గొంతు ఉండబట్టే స్కూళ్లలో నిలబడగలుగుతున్నాను. ఏడ్చే తల్లిని చూస్తే పిల్లలు అయ్యో అనుకుని ఇంటికెళ్లి మర్చిపోతారు.

నువ్వు తియ్యమన్నది వాక్యాన్ని కాదు, వాణ్ణి. వాడి నుంచి ఈ లోకానికి మిగిలిన ఉపయోగం అదొక్కటే. వసపిట్టకి బాధగా ఉంటుందని నాకు తెలియదా? నాకు మాత్రం పండగా? బాధగా ఉందని మానేస్తే ఆ ఫుట్‌బాల్ ఆడే పిల్లాడు ఇవాళ ఎక్కడుండేవాడు? అన్నయ్య పేరు చెప్పుకుని ఇంకొకళ్ల పిల్లలు బతుకుతున్నారని అది తలెత్తుకుని వినాలి. తల నిమిరి చెప్పు.

నేను వస్తున్నాను. వాక్యం మారదు.

అక్క


ఇంటి మెట్ల మీద నుంచి

అక్కా,

ఇది బావ ఇంట్లో ఉన్నప్పుడు విప్పు. ఒక్కదానివీ చదవకు.

నేను మాట తప్పుతున్నాను. ఎవరికీ చెప్పనని వసపిట్టకి ఒట్టేశాను. ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను.

నువ్వొస్తున్నావని చెప్పిన మర్నాడు షాపుకి కొత్త పెట్టెలొచ్చాయి. గోధుమరంగువి తుడిచి అద్దాల బీరువాలో సర్దమన్నాను. ముట్టుకోనంది. పనిలో చిరాకుగా ఉండి, పెట్టేమైనా కరుస్తుందా అని కసిరాను. అంతే, నేల మీద కూలబడి ఏడ్చింది. గిరాకీలు చూస్తున్నారని షట్టరు సగం దించేశాను.

దానికి తెలుసక్కా. పెద్దోడి పెట్టెలో ఏముందో దానికి ముందే తెలుసు. పెన్సిలు కోసం వాడి బల్ల వెతుకుతూ తెరిచిందట. వాడు చూసి కాళ్లావేళ్లా పడ్డాడట. పరీక్షలవగానే మానేస్తాను, అమ్మకి చెప్పకే, చెప్తే అమ్మ తట్టుకోలేదు అన్నాడట. వాడు ఏడవగా ఇది ఎప్పుడూ చూడలేదు. అప్పటికి దానికి పదమూడేళ్లు. కడుపులో ఏ మాటా దాగని పిల్ల, పుట్టి బుద్ధెరిగాక దాచింది ఆ ఒక్కటే. పరీక్షలు కాకముందే వాడు పోయాడు.

మీ స్కూల్లో ఆ రోజు అది లేచి వెళ్లింది బెంగతో కాదు. నాతో అన్నది అన్నట్టు రాస్తున్నాను. "మామయ్యా, అమ్మ చెప్తున్న ఆ ఒక్కళ్లూ నేనే. అమ్మకి తెలీక మైకులో అందరికీ చెప్తోంది."

దగ్గరికి తీసుకుని కూర్చున్నాను. తర్వాత మేడం దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ రోజూ ఒక గంట దాన్ని విడిగా కూర్చోబెట్టుకుంటోంది. తప్పు నీది కాదని ఎంత చెప్పినా, అమ్మ అలా అనడం లేదు కదా అంటోందట. అమ్మకి తనంతట తనే చెప్పాలి, తొందరపెట్టకండి అని మేడం నాకు మరీ మరీ చెప్పింది. నీ ఉత్తరం చూశాక నాకు ఆగే ఓపిక లేదు. నువ్వొచ్చి, ఆ గొంతుతో, దాని ఎదురుగా ఆ వాక్యం మళ్లీ చెప్తే పిల్ల ఏమైపోతుందోనని భయంగా ఉంది. ఒకణ్ణి పోగొట్టుకున్నాం. దీన్ని మన చేతులారా పోగొట్టుకోవద్దక్కా.

తిట్టాలనుంటే నన్ను తిట్టు.

నీ తమ్ముడు


ఇంటి నుంచి

తమ్ముడూ,

డ్యూటీకి వెళ్లడం లేదు. సెలవు పెట్టాను.

నువ్వు రాసింది మీ బావ చదివారు, నేను విన్నాను. కాగితం మడిచి, నా చిట్టితల్లి ఎంత మోసిందో అన్నారు. నాకు ఆ మాట రాలేదురా. నీకు కాకపోతే ఇంకెవరికీ చెప్పుకోలేను. నాకు ముందు వచ్చిన మాట, దానికి తెలుసా అని. తెలిసి నా పక్కన కూర్చుని తిందా? తెలిసి, నేను జడ వేస్తుంటే కదలకుండా కూర్చుందా? వాడు ఇంటికి ఆలస్యంగా వచ్చి స్నేహితుడింట్లో చదువుకుంటున్నానంటే, తెలిసి కూడా ఊరుకుందా? నా కూతురి మొహం కళ్ల ముందుకొస్తే పక్కకి తిరిగి పడుకున్నాను. కన్నతల్లివేనా అని నన్ను నేనే చీదరించుకున్నాను, అయినా కోపం పోలేదు.

ఇవాళ పొద్దున్న దాని బీరువా తెరిచాను. పదమూడేళ్లప్పటి స్కూలు చొక్కా అడుగున ఉంది. తీసి నా ఒంటికి ఆనించుకున్నాను. నా పొట్ట కూడా దాటలేదు. భుజాలు చూస్తే నా రెండు జానలు కూడా లేవు. ఇంత పిల్ల వాడి ఏడుపు మోసి, వాడి చావు మోసి, పైన నా మైకు కూడా మోసింది. ఆ చొక్కా పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

రావాలో వద్దో నాకు తేలడం లేదు. దాన్నే అడుగు. నాకు తెలుసని మాత్రం చెప్పకు. చెప్తే అదే చెప్పాలి, మీ మేడం మాటే నిజం.

అక్క


షాపు నుంచి, గబగబా

అక్కా,

అడిగాను. ఒకే అద్దాన్ని అరిగిపోయేలా తుడిచి తుడిచి, రమ్మను మామయ్యా అంది. అమ్మని చూడాలనుంది అంది. ఇంకేమీ అనలేదు.

నువ్వేం మాట్లాడాలో ఇక నేను చెప్పను. నీ మరదలు దుప్పటి పరిచింది.

నీ తమ్ముడు


ఇంటి నుంచి, తిరిగొచ్చిన మర్నాడు

ఒరే తమ్ముడూ,

హాల్లో జరిగింది నువ్వూ చూశావు. వెనక వరసలో నువ్వు మరదలి చెయ్యి పట్టుకుని కూర్చోవడం నాకు స్టేజీ మీదికి కనపడింది. నేను పెట్టెని సంచిలోంచి తియ్యనేలేదు. చివరికొచ్చేసరికి ఏం చెప్పాలో అనుకుని వచ్చిందంతా ఎగిరిపోయి, అలవాటైన వాక్యం నాలుక మీదికొచ్చేసింది. "మా ఇంట్లో ఒక్కళ్లు" అనేశాను. ముందు వరసలో అది తల దించుకుంది, దెబ్బ పడుతుందని తెలిసిన పిల్లలా. ఆగిపోయాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో మైకు ముందు వాక్యం మధ్యలో ఆగడం అదే మొదలు.

తర్వాత అన్నది నువ్వు సరిగా విన్నావో లేదో, గొంతు అంత దరిద్రంగా వణికింది. "మా ఇంట్లో ఒక్కళ్లమూ మా పిల్లల్ని అడగలేదు. తిన్నావా, చదివావా అంతే. తెలిసి చెప్పలేకపోయిన పిల్లలు ఇక్కడుంటే, ఆ బరువు మీది కాదు, మాది. దించెయ్యండి" అన్నాను. దిగుతుంటే మెట్టు కనపడలేదు. ఆ లారీ డ్రైవరే అనుకుంటా, చెయ్యి పట్టుకుని దింపాడు. మీసాలు నిజంగానే బాగున్నాయి.

గదిలో జరిగింది నీకు తెలియదు. అది చెప్దామనే కూర్చున్నాను.

కుర్చీలు వేసుకుని కూర్చున్నాను. బయట బస్సులు స్టార్టవుతున్నాయి. ఎవరూ రారనుకున్నాను. అప్పుడు వసపిట్ట వచ్చింది. ఒక్కతీ కాదు, దాని పక్కన కూర్చునే అమ్మాయిని మణికట్టు పట్టుకుని లాక్కొచ్చింది. ఆ పిల్లని నా ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టి, తను వెళ్లి తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ముందు నేను మాట్లాడకూడదు కదా, పళ్లు బిగించి కూర్చున్నాను. ఆ పిల్ల తల ఎత్తడం లేదు. చివరికి వసపిట్టే మాట్లాడింది. నా స్నేహితురాలమ్మా, మాత్రలు మొదలుపెట్టి ఎక్కువ రోజులు కాలేదు, ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలింది అంది. గోడ వైపు చూస్తూ ఇంకో మాట అంది.

"ఈసారి చెప్పానమ్మా."

తమ్ముడూ, లేచి వెళ్లి దాన్ని వాటేసుకుని గట్టిగా ఏడవాలనిపించింది. ఎదురుగా ఇంకొకళ్ల పిల్ల ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. వెనక బెంచీల దగ్గరున్న కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి నా కుర్చీకి ఆనించి వేశాను. అది వచ్చి కూర్చుంది. దాని చెయ్యి నా చేతిలో పెట్టుకుని, ఆ పిల్ల చెప్పుకునేదంతా విన్నాను. మేడం వచ్చింది, ఆ పిల్ల అమ్మానాన్న వచ్చారు. వాళ్లు కూడా మీతో పాటు ఆ సాయంత్రాలన్నీ బెంచీల మీద కూర్చున్నవాళ్లేనట. తండ్రి చెయ్యెత్తుతాడని భయపడ్డాను. ఎత్తలేదు. ఆకలేస్తోందా అని అడిగాడు, ఆ వెంటనే నాలుక కరుచుకుని, భయమేస్తోందా అని అడిగాడు. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు.

స్టేషన్‌కి నువ్వొస్తానంటే వసపిట్ట వద్దంది, గుర్తుందా? ప్లాట్‌ఫాం మీద అంతా చెప్పింది. అన్నయ్య ఎలా ఏడ్చాడో, పెట్టె మూసి తనకి పెన్సిలు చెక్కి ఎలా ఇచ్చాడో కూడా చెప్పింది. నేను మధ్యలో మాట్లాడలేదు. మీ స్టేషన్ అనౌన్సరు నోట్లో కిళ్లీ పెట్టుకున్నట్టు ఏదో అన్నాడు. నువ్వైతే ఇలా చెప్పవు కదమ్మా అని నవ్వింది. నవ్వుతూనే అడిగింది.

"అమ్మా, నేను చెప్పి ఉంటే అన్నయ్య బతికేవాడా?"

నాకు తెలియదురా. బతికేవాడేమో. డాక్టర్నే అడిగాను, చెప్పలేనన్నాడు. ఆ ఏమో అన్నది నాతో కూర్చుంటోంది, నాతో లేస్తోంది, నేను పోయిన రోజే పోతుంది. మా ఉద్యోగంలో బండి ఎప్పుడొస్తుందో తెలియకపోతే తెలియదనే చెప్తాం. తెలియని వేళ నేను ఎప్పుడూ ప్రకటించలేదు.

"లేదమ్మా, బతికేవాడు కాదు. నీ వల్ల కాదు" అన్నాను. బండి చప్పుడులో కూడా ప్రతి అక్షరం వినపడేలా అన్నాను. గొంతు వణకలేదు.

నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందనే అనుకుంటున్నాను. రైలు కదిలాక కిటికీ పక్కన నడుస్తూ వాగుతూనే ఉంది, అత్త సంగతులు, నువ్వు ఏ రంగు ఇష్టమని అడిగిన సంగతి. సగం నాకు వినపడలేదు. తలూపుతూ వచ్చాను.

ఆ ప్రశ్న ఒక్కసారి అడిగి ఊరుకునేది కాదు. ఎప్పుడో ఫ్రేములు తుడుస్తూ నిన్నూ అడుగుతుంది. నేను చెప్పిందే నువ్వూ చెప్పు. ఒక్క అక్షరం మార్చకు.

అక్క